తిరునంగై: ఆ మాట ఎట్లా పుట్టింది, మన తెలుగులో దానికి సాటి మాట ఏది?



ఎప్పుడూ మన వలస కథో, ఇంటిపేర్ల కథో రాస్తుంటాను. ఈసారి ఒకే ఒక్క మాట గురించి రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నా చదువంతా అరవంలోనే సాగింది. తెలుగు అక్షరాలు రిటైరయినాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే సరిదిద్దండి, ఏమీ అనుకోను.

పోయిన ఉగాదినాడు మన మండపంలో జరిగింది మీలో చాలామంది చూశారు. ఏటా లాగే చదువులోనూ ఉద్యోగంలోనూ పైకొచ్చిన మన పిల్లలకు శాలువా కప్పుతున్నాం. మైకు నా చేతిలో ఉంది. జాబితాలో ఒక పేరొచ్చింది. మన సభ్యుల ఇంటి బిడ్డే. మగపిల్లవాడుగా పెరిగి, ఇల్లు విడిచి, ఇప్పుడు ఆడమనిషిగా బతుకుతూ, నర్సింగ్ చదివి ఉద్యోగం తెచ్చుకుని, పదేళ్ళకు మళ్ళా మన మధ్యకు వచ్చిన బిడ్డ. పేరు చదివాను. ఆమెను గురించి ఒక్క మాట తెలుగులో చెబుదామని నోరు తెరిచాను. నోరు అట్లాగే ఆగిపోయింది. నాకు తెలిసిన తెలుగు మాటలన్నీ తిట్లే. చివరికి అరవంలో ‘తిరునంగై’ అని చెప్పి గట్టెక్కాను.

కార్యక్రమం అయినాక ఒక పెద్దాయన అడిగారు, ‘ఏమప్పా, మన భాషలో దానికి మాటే లేదా?’ అని. వెనక వరసలో ఎవరో ఒక మాట అందించారు. నలుగురు నవ్వారు. ఆ మాట ఏదో మీకు తెలుసు. నవ్వినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. అదే నవ్వు నేనూ ఒకప్పుడు నవ్వించినవాణ్ణే. ఆ కథ ముందు చెప్పేస్తాను, లేకపోతే తరవాత రాసేదానికి నాకు అర్హత ఉండదు.

తొంభైల్లో నేను రిజర్వేషన్ కౌంటర్లో కూర్చునేవాణ్ణి. ఒక పొద్దున బొంబాయికి టికెట్ కావాలని ఒకరు వచ్చారు. చీర కట్టు, పువ్వులు, గొంతు మాత్రం మగగొంతు. ఫారంలో ఆడ, మగ అనే గడి ఖాళీగా వదిలేశారు. వెనకాల ఇరవై మంది నిలబడి ఉన్నారు. నేను అందరికీ వినబడేట్టు అరవంలో అడిగాను, ‘ఆణా, పెణ్ణా? ఏది రాసేది?’ అని. క్యూ మొత్తం నవ్వింది. ఆమె కిటికీ దగ్గరికి వంగి, మెల్లగా తెలుగులో అంది: ‘అయ్యా, మీ యాస చూస్తే మనోళ్ళలాగుండారు. ఆడ అని రాయండి.’ నాకు చెమటలు పట్టాయి. మనోళ్ళలో ఇట్లాంటివాళ్ళు ఉండరని అంతదాకా నా నమ్మకం. రూలు ఒప్పదని మగ అనే రాసిచ్చాను. ఆమె మారుమాట లేకుండా టికెట్ తీసుకుని వెళ్ళిపోయింది. 2016లో రైల్వే ఫారంలో ఆడ, మగతో పాటు ఇంకో గడి వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చిన మొదటి మొహం ఆమెదే.

ఇక మాటల సంగతికి వస్తాను. ముందు అర్థం తేటగా చెప్పుకుందాం. పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసుకున్నా, తాను ఆడదాన్నని లోపల తెలిసి, అట్లా బతికే మనిషి తిరునంగై. ఆడబిడ్డ అని రాసుకున్నా, తాను మగవాణ్ణని తెలిసి బతికే మనిషి తిరునంబి. పుట్టుకతోనే శరీరంలో ఆడ, మగ గుర్తులు కలగలిసి ఉండడం వేరే సంగతి, వాళ్ళను అరవంలో ‘ఇడైప్పాల్’ అంటారు. ఎవరికి ఎవరి మీద మనసు పోతుందనేది ఇంకా వేరు. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి ఒకే తిట్టుతో పిలవడం మనకు అలవాటయిపోయింది.

అరవంలో దీనికి పాతమాటలు రెండు. ఒకటి ‘అలి’, రెండోది ‘పేడి’. రెండూ మొదట్లో తిట్లు కావు.

మన ఇళ్ళల్లో మార్గళి నెల తిరుప్పావై, గుడిలో తిరువాయ్‌మొళి వినేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులో నమ్మాళ్వారు స్వామిని వర్ణిస్తూ ఆయన మగా కాడు, ఆడా కాదు, అలీ కాడు అనే అర్థం వచ్చేట్టు పాడారు. వెయ్యేళ్ళు దాటిన పాట. ఆ మాట గర్భగుడి ముందర పలుకుతారు, ఎవరూ సిగ్గుపడరు. అదే మాట వీధిలో ఒక మనిషి మీదికి విసిరితే రాయి. మాట అదే, దాన్ని పలికే నోరే మారింది.

‘పేడి’ కథ ఇంకా పాతది. తొల్కాప్పియం మనం ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టిన వ్యాకరణమే. అందులో లోకంలోని పేర్లన్నిటినీ రెండుగా విడదీశారు. మనుషులు ఉయర్‌తిణై, అంటే పై తరగతి. మిగిలినవన్నీ అఃరిణై. మగతనం మారిన మనుషుల పేర్లను ఎక్కడ చేర్చాలనే ప్రశ్న ఆ పాతకాలంలోనే వచ్చింది. ఆ పేర్లకు తమదంటూ వేరే ప్రత్యయం లేదు, కాని వాళ్ళు ఉయర్‌తిణైలోకే వస్తారని సూత్రం చెప్పింది. మనుషులే, మనుషుల క్రియతోనే చెప్పాలి అని దాని భావం.

పదమూడో శతాబ్దంలో పవణంది రాసిన నన్నూల్ ఇంకో అడుగు ముందుకు పోయింది. మగతనం వదిలి ఆడతనం కోరినవాళ్ళు పెణ్‌పాల్, ఆడతనం వదిలి మగతనం కోరినవాళ్ళు ఆణ్‌పాల్ అంది. అంటే మనిషి కోరుకున్న పాల్‌నే వ్యాకరణం ఒప్పుకుంది! కాని అదే సూత్రం చివర, వీళ్ళను అఃరిణైలో చెప్పినా చెల్లుతుందని ఒక సందు కూడా విడిచింది. ఆ సందులోంచే ‘అదు వందదు’ అనే ఎగతాళి దూరిందేమో అని నాకొక అనుమానం. అది నా అనుమానం మాత్రమే.

ఈ ‘పేడి’ మన తెలుగులోనూ ఉంది. పాత నిఘంటువుల్లో ఉంది. విరాటపర్వం కథలో అర్జునుడు బృహన్నలగా ఉన్న కాలాన్ని చెప్పుకునేటప్పుడు వచ్చే మాటే. గడ్డం మీసం రానివాణ్ణి మా అవ్వ ‘పేడిమూతోడు’ అని దెప్పేది, మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. ఈ మాటే కన్నడంలో ‘హేడి’ అయింది, అంటే పిరికివాడు. అరవంలోనూ పేడి అంటే పిరికిపంద అనే అర్థం తగులుకుంది. మలయాళంలో ‘పేడి’ అంటే ఏకంగా భయం. ఒక మనిషి పేరు, ఆ మనిషిని చూసినవాళ్ళ తిరస్కారంతో పిరికితనానికి పేరయిపోయింది. ఇల్లు, వాకిలి, అమ్మానాన్న అన్నీ పోయినా సరేనని తన మాట మీద నిలబడినవాళ్ళను పిరికివాళ్ళనడం ఎంత తలకిందులో చూడండి.

ఆ తరవాత నా వయసువాళ్ళకు తెలిసిన మాట ‘ఒన్‌బదు’. తొమ్మిది. మా ఆఫీసులో తొమ్మిదో నంబరు బెర్తు ఎవరికైనా పడితే చాలు, కిసుక్కుమని నవ్వేవాళ్ళు. మనిషిని అంకెగా మార్చినాక ఇంకేం మిగులుతుంది?

1990లు ముగిసే వేళకు ‘అరవాణి’ అనే మాట వాడుకలోకి వచ్చింది. మన తెలుగువాళ్ళు కొందరు ఇది అరవదేశపు ఆడమనిషి అనే అర్థంలో వచ్చిందనుకున్నారు. నేనూ మొదట అట్లాగే అనుకున్నా. కాదు. ఇది అరవాన్ పేరు మీద పుట్టిన మాట. అరవాన్ అంటే మన భారతంలో ఇరావంతుడు, అర్జునుడికి నాగకన్య ఉలూపికి పుట్టినవాడు. వ్యాసభారతంలో ఆయన యుద్ధం ఎనిమిదోనాడు అలంబుసుడి చేతిలో చస్తాడు, అంతే. అరవదేశంలో మాత్రం కథ వేరుగా పెరిగింది. పాండవులు గెలవాలంటే అన్ని లక్షణాలూ ఉన్న ఒక మగవాణ్ణి కాళికి బలివ్వాలి. అరవాన్ ఒప్పుకున్నాడు. పెళ్ళి కాకుండా చావనన్నాడు. తెల్లారితే చచ్చేవాడికి పిల్లనెవరిస్తారు? అప్పుడు కృష్ణుడే మోహినిగా మారి తాళి కట్టించుకున్నాడు. మర్నాడు విధవయి ఏడ్చాడు.

ఉళుందూర్‌పేట దగ్గర కూవాగంలో కూత్తాండవర్ గుడి ఉంది. కూత్తాండవర్ అంటే ఈ అరవానే. చిత్తిరై నెల పున్నమికి నాడు నలుమూలల నుంచీ తిరునంగైలు అక్కడికి వస్తారు. తాము మోహిని రూపాలమని భావించి పూజారి చేత తాళి కట్టించుకుంటారు. మర్నాడు తేరు తిరిగినాక తాళి తెంపి, గాజులు పగలగొట్టి, తెల్లచీర కట్టి, గుండెలు బాదుకుని ఏడుస్తారు. విల్లుపురం వైపు పనిచేసినన్నాళ్ళు ఆ రెండు రోజులు రైళ్ళల్లో కాలు పెట్టే చోటుండేది కాదు. పొద్దున పువ్వులతో దిగినవాళ్ళు మర్నాడు తెల్లచీరలతో ఎక్కేవాళ్ళు. ఏడుపు నిజమైన ఏడుపే. ఒక అరవాన్ కోసమే అంత ఏడుస్తారని నేననుకోను. విడిచిన ఇళ్ళ కోసం కూడా అయ్యుంటుంది.

అలి, ఒన్‌బదు అనే మాటల పక్కన అరవాణి ఎంతో మేలు. దానికొక పురాణం ఉంది, దేవుడి తోడు ఉంది. అయినా ఆ మాట నిలబడలేదు. వాళ్ళల్లో క్రైస్తవులున్నారు, ముస్లిములున్నారు, కూవాగం మొహమే చూడనివాళ్ళున్నారు. అందరినీ ఒక గుడి కథలో ఎట్లా కట్టేస్తాం? పైగా ఆ పేరు మనిషిని ఒక రాత్రి పెళ్ళికూతురిగా, మర్నాడు విధవగా మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మిగతా మూడు వందల అరవై రోజుల బతుకు?

అప్పుడు వచ్చిన మాట ‘తిరునంగై’. ఈ మాటను ముందు పలికింది మదురైలో పుట్టిన భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ అని చెబుతారు. ఆమె తిరునంగై, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ముఖ్యమంత్రిగా ఉన్న కరుణానిధి ఆ మాటను ప్రభుత్వం నోట పలికించి ఊరూరా పాకించారు. 2008 ఏప్రిల్ 15న ఈ రాష్ట్రంలో వాళ్ళకోసం సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దాని పేరులో ‘అరవాణిగళ్’ అనే ఉండేది. తరవాత తిరునంగైగళ్ అనే మాటే నిలిచింది. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15ను తిరునంగైయర్ దినంగా జరుపుతున్నారు.

మాటను విడదీసి చూడండి. ‘తిరు’ అంటే మన శ్రీ. తిరుమల, తిరుపతి, తిరునాళ్ళు అని మనం పలికేదే. ‘నంగై’ అంటే గుణం గల స్త్రీ, మర్యాద గల ఇల్లాలు. మన నంగనాచిలో ఉన్న ‘నంగ’ దీనికి చుట్టమేనని నాకనిపిస్తుంది. ఆ పాపం తెలుగులో దొంగవేషానికి పేరయింది! మగవాళ్ళ మాట ‘తిరునంబి’లో ఉన్న నంబి అయితే మనకు బాగా తెలుసు, వైష్ణవ గుడి అర్చకుణ్ణి నంబి అనే పిలుస్తాం కదా. నంబి అంటే పురుషుల్లో మేటి. అంటే ఈ రెండు మాటల్లో ‘మారిన’, ‘లేని’, ‘మూడో’ అనే ముక్కలేవీ లేవు. లోపం గురించి ఒక్క అక్షరం లేదు. ముందు శ్రీ, తరవాత అమ్మ. ఇన్ని వందల ఏళ్ళకు వాళ్ళను పిలవడానికి మర్యాదతో మొదలయిన మాట ఇది.

ఇక మన తెలుగు. ఆ రోజు వెనక వరసలోంచి వచ్చిన మాట ‘కొజ్జా’. ఈ తిట్టు పుట్టుక తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇది పారసీ ‘ఖ్వాజా’ నుంచి వచ్చింది. ఖ్వాజా అంటే దొర, పెద్దమనిషి. నవాబుల కోటల్లో అంతఃపురాన్ని కాచే అధికారులను ఖ్వాజాసరా అని గౌరవంగా పిలిచేవారు. అదే ఖోజా అయి, మన నోళ్ళల్లో కొజ్జా అయి, బురదలో పడింది. పాకిస్తాన్‌లో ఈనాటికీ ‘ఖ్వాజా సిరా’ అనేదే మర్యాద మాట, ప్రభుత్వం కూడా అదే వాడుతుంది. లాహోరులో గౌరవం, మన దగ్గర తిట్టు. కాబట్టి తప్పు అక్షరాల్లో లేదు.

నిజాం రాజ్యంలో అయితే మాటతో ఆగలేదు, చట్టమే వచ్చింది. 1329 ఫసలీ, అంటే 1919లో చేసిన ఆ చట్టం హైదరాబాదులో ఇట్లాంటివాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడవేషంలో బయట కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం కాగితాల్లో బతికే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్ళు పైబడింది! దేశం మొత్తానికి సుప్రీంకోర్టు 2014లోనే తీర్పు చెప్పింది. తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే, అందుకు ఆపరేషన్ చేయించుకుని తీరాలని పట్టుబట్టకూడదు అని. ఆ తీర్పు తేదీ కూడా ఏప్రిల్ 15.

ఆంధ్రా, తెలంగాణ పేపర్లు చూస్తే మూడు నాలుగు మాటలు కనబడతాయి. ‘హిజ్రా’ ఉర్దూ నుంచి వచ్చింది. అది గురువు, చేలా అనే కట్టుబాటు ఉన్న ఒక సమాజం పేరు. ఆ సమాజంలో ఉన్నవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, లేనివాళ్ళకు అది అతకదు. ‘లింగమార్పిడి’ అనేది ఆపరేషన్ పేరు, మనిషి పేరు కాదు. గుండె ఆపరేషన్ అయినవాణ్ణి జీవితాంతం ‘గుండె ఆపరేషన్’ అని పిలుస్తామా? ‘మూడో లింగం’ అంటే ఒకటోది ఎవరు, రెండోది ఎవరు అని మన ఆడవాళ్ళే అడుగుతారు. ఇప్పటి పిల్లలు ‘ట్రాన్స్ మహిళ’, ‘ట్రాన్స్ పురుషుడు’ అంటున్నారు. అందులో సగం ఇంగ్లీషయినా మర్యాద పూర్తిగా ఉంది.

ఒక పుస్తకం సంగతి చెప్పాలి. ఈ తమిళనాడులోనే పుట్టిన తిరునంగై రచయిత్రి ఎ. రేవతి తన బతుకు కథ రాసుకున్నారు. దాన్ని పి. సత్యవతిగారు తెలుగులోకి తెచ్చారు, ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనే పేరుతో. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇంతమంచి పుస్తకానికి కూడా తెలుగు అట్ట మీద పెట్టడానికి దొరికింది హిజ్రా అనే మాటే. మాట లేని లోటు అక్కడ తెలుస్తుంది.

తెలుగు వ్యాకరణం వైపు కూడా ఒకసారి చూశాను. మనకు మహత్తు, అమహత్తు అని విభాగం. ఏకవచనంలో ఆడవాళ్ళు అమహత్తుతోనే పోతారు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, రైలు వచ్చింది. అరవంలో అమ్మకు ఒక క్రియ, రైలుకు ఒక క్రియ. అందుకే అక్కడ ‘అదు’ అంటే చెంపదెబ్బ. మన దగ్గర ‘అది’ రెండంచుల కత్తి. కౌంటర్లో కూర్చుని నేనంటే అవమానం. అదే కన్నతల్లి తన కూతుర్ని ‘అదింకా తినలేదు, అదొస్తే అన్నం పెట్టాలి’ అంటే అందులో ఉన్న ముద్దు ఇంకే మాటలోనూ లేదు.

మళ్ళా ఉగాదినాటికి వస్తాను. శాలువా కప్పినాక ఆ బిడ్డ తల్లి నా దగ్గరికి వచ్చింది. నేను తడబడి, ‘క్షమించమ్మా, తెలుగులో సరైన మాట దొరకలేదు’ అన్నాను. ఆమె చదువుకున్న మనిషి కాదు. పదేళ్ళ కిందట ఇదే మండపంలో, ‘మా పెద్దోడు ఎక్కడున్నాడో తెలీదన్నా’ అని కళ్ళు తుడుచుకున్న తల్లి. ఆ రోజు నవ్వి ఒకటే అంది: ‘మాట ఏముంది అన్నా. అది మా పెద్దది.’

పెద్దోడు అనే మాట పెద్దది కావడానికి ఆ తల్లికి పదేళ్ళు పట్టింది. తొల్కాప్పియం, నన్నూల్, సుప్రీంకోర్టు అన్నీ కలిసి చెప్పింది ఆమె రెండు మాటల్లో చెప్పేసింది.

కాని అందరూ ఆమె కన్నతల్లులు కారు కదా. సంఘం రిజిస్టరుకు, ఆహ్వాన పత్రికకు, మైకుకు ఒక మాట కావాలి. నా అభిప్రాయం ఇది. తెలుగులో సొంతమాట పుట్టేదాకా తిరునంగై, తిరునంబి అనే వాడుకుందాం. అందులో ప్రతి ముక్కా మనకు తెలిసిందే, పరాయిది కాదు. ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం పేరు పెట్టి పిలుద్దాం, వరస కలిపి అక్కా, చెల్లీ, అమ్మా అందాం. ‘ఆమె’ అనడం మరిచిపోవద్దు. కొత్తమాట ఏదైనా పుడితే అది వాళ్ళ నోట పుట్టాలి. మనం కూర్చుని వాళ్ళకు పేరు పెట్టే పని ఇప్పటికే చాలా చేశాం.

కార్యవర్గానికి ఒక మనవి. సభ్యత్వ ఫారంలో ఇంకా కొడుకులు, కూతుళ్ళు అని రెండే గడులున్నాయి. మూడో గడి పెట్టమని నేనడగను. ఆ బిడ్డ పేరు ఇప్పటికీ కొడుకుల గడిలో ఉంది. దాన్ని కూతుళ్ళ గడిలోకి మార్చండి. ఒకప్పుడు నేను మార్చకుండా రాసిచ్చిన టికెట్ ఒకటి ఉంది. దాన్ని ఇప్పుడు దిద్దలేను, ఇదైనా దిద్దుదాం.

బెంగళూరు, బళ్ళారి, షోలాపూర్, బరంపురం, యానాంలో ఉన్న మనవాళ్ళు మీ ఇళ్ళల్లో, మీ యాసలో వీళ్ళను ఏమని పిలుస్తారో రాయండి. తిట్లు కాకుండా, మర్యాద మాట ఒక్కటైనా ఏ అవ్వ నోటనైనా విని ఉంటే అది తప్పకుండా చెప్పండి. వెతుకుతున్నాను.